ముప్పయ్యగారి అరనిమిషం

ముప్పయ్యగారిని ఏది అడిగినా జవాబు ముప్పై సెకన్ల తరవాతే వచ్చేది. ఇరవై తొమ్మిదికి రాదు. ముప్పై ఒకటి దాకా పోదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకి వేరే ఉంది. అది హాజరు పట్టీలో తప్ప ఆఫీసులో ఇంకెక్కడా వినపడేది కాదు.

ఆయన ఆలోచిస్తున్నారని కొత్తవాళ్ళు అనుకునేవారు. ఆయనకి చెవుడని మరీ కొత్తవాళ్ళు అనుకునేవారు. రెండూ కాదు. ఆయన లెక్కపెట్టేవారు. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మొదటి గీత మీద మొదలయ్యేది. వేలికి మూడు గీతలు, నాలుగు వేళ్ళకి పన్నెండు. రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో రెండు వేళ్ళు దాటితే ముప్పై. అప్పుడు పెదవులు కదిలేవి.

టైమెంతయిందని అడిగితే, ఆ అరనిమిషాన్నీ కలిపి చెప్పేవారు.

క్యాంటీన్లో టీ ఇచ్చే ఆమె రోజూ చక్కెర వేయనా అని అడిగేది. ఆయన వద్దండీ అనేసరికి రెండు చెంచాలు పడి, కలిసి, కప్పు చేతికి వచ్చి ఉండేది. అలా పంతొమ్మిదేళ్ళు ఆయన ఇష్టంలేని తీపి తాగారు. ఈయనకి తీపంటే ప్రాణమని ఆమె అందరికీ చెప్పేది. ఆమె పని మానేసిన రోజున ఆయన కోసమని ప్రత్యేకంగా మూడు చెంచాలు వేసి ఇచ్చింది. అదీ తాగారు.

పళ్ళ డాక్టరు దగ్గర ఇంకా కష్టమైంది. ఈ పన్నేనా అని డాక్టరు అడిగాడట. ఈయన బొటనవేలు కదిలింది. మౌనాన్ని అంగీకారం అనుకుని డాక్టరు తన పని తాను చేసుకున్నాడు. పన్ను పళ్ళెంలో పడి చప్పుడయ్యాక ఈయన, కాదండీ, పక్కది, అన్నారు.

లిఫ్టు ఎక్కితే వెంటనే బటన్ నొక్కేవారు కాదు. ఎవరైనా వస్తున్నారేమో అని ముప్పై దాకా ఆగేవారు. ఆయన లోపల కనిపిస్తే తక్కినవాళ్ళు మెట్లెక్కి నాలుగో అంతస్తుకి పోయేవారు. ఆఫీసులో ఎవరికీ మోకాళ్ళ నొప్పులు లేకపోవడానికి కారణం ఆయనే అని ఒక వాదం ఉండేది. ఒకసారి ఫైర్ అలారం మోగింది. అందరూ కిందికి పరిగెత్తారు. ఆయన కుర్చీలో కూర్చుని ముప్పై లెక్కపెట్టి, అప్పుడు లేచి, అందరూ మరిచిపోయిన గొడుగులు పోగుచేసుకుని దిగి వచ్చారు. కింద వాన పడుతోంది. ఆయన్ని చూసి నవ్వని వాళ్ళు లేరు. గొడుగు పుచ్చుకోని వాళ్ళూ లేరు.

ఈ అలవాటు పెళ్ళికి ముందు నుంచీ ఉన్నదే. పెళ్ళి మాట మొదట ఎత్తింది ఆయన భార్య. నన్ను చేసుకుంటావా అని ఒక పార్కు బెంచీ మీద అడిగి, జవాబు కోసం చూసి, చెప్పులు తొడుక్కుని, గేటు దాకా వెళ్ళిపోయిందట. అప్పుడు వెనక నుంచి సరే అని వినిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసినా ఆ అరనిమిషం కోపం ఇంకా పోలేదని ఆవిడ చెబుతుంది. ఆయనతో వేగడం మాత్రం నేర్చుకుంది. వంటింట్లోకి పోతూ కూర ఏం చేయను అని ఒక మాట పడేసి, పొయ్యి వెలిగించి, గిన్నె కడిగి, జవాబు వచ్చే వేళకి గుమ్మం దగ్గరికి తిరిగొస్తుంది.

ఇలాంటి మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? ఇచ్చారు. అది కూడా ముప్పై లెక్కపెట్టడమే పనిగా ఉన్న చోట ఇచ్చారు.

ఆ ఆఫీసులో తయారయ్యేది ఒక కార్డుకి డ్రైవర్. పెద్ద కంప్యూటర్లు తమ డేటాని తమ దగ్గర ఉంచుకోవు. ఇంకో గదిలో, ఒక్కోసారి ఇంకో భవనంలో, డిస్కులు నింపిన బీరువాల్లో దాస్తాయి. మధ్యలో కేబుల్ ఉంటుంది. కేబుల్‌కి ఈ చివర ఒక కార్డు. ఆ కార్డు చేత పని చేయించే ప్రోగ్రామే డ్రైవర్. ఫలానాది తెచ్చిపెట్టు అని డ్రైవర్ అడుగుతుంది, అవతలి నుంచి జవాబు వస్తుంది. మామూలుగా రెప్పపాటులో వస్తుంది. ఎప్పుడో ఒకసారి రాదు. అప్పుడు ఎంతసేపు చూడాలి? ముప్పై సెకన్లు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ పాటిస్తారు. ఆ సంగతి విన్నాకే ముప్పయ్యగారు, ఇదేదో మనవాళ్ళ ఆఫీసులా ఉందే అనుకుని చేరారని చెప్పుకునేవారు.

ఆయన కోడ్ రాయరు. చదువుతారు. ఎవరు రాసిందైనా డ్రైవర్‌లో కలవాలంటే ముందు ఇంకొకరు చదివి సరే అనాలి. దాన్ని రివ్యూ అంటారు. రాసినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీరు రాసింది మీరే చెప్పండి అని, ఆయన వినేవారు.

అలా ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఒకమ్మాయి ఆ ఆఫీసులో చేరి ఆరేళ్ళయింది. అక్కడ ఆమెని తొందర అనేవారు. మాట్లాడడం తొందర, నడవడం తొందర, టైపు చేస్తే మీటలు ఊడతాయేమో అనిపించేది. ఆ పేరు పెట్టింది కేబులాయన. మెషీన్ల గదిలో ఆయన పని కేబుళ్ళు పీకడం. డ్రైవర్ నడుస్తుండగా మధ్యలో పీకి, అది ఏం చేస్తుందో చూసి రాసుకోవడం. రోజుకి నూటయాభై పీకేవాడు. ఇంట్లో ఫ్రిజ్ వైపు ఆయన చూస్తే భార్య అడ్డం నిలబడేదట.

తొందర మొదటి రివ్యూ ఒక మధ్యాహ్నం జరిగింది. చిన్న గది, గుండ్రటి బల్ల, ఎదుటి భవనం గోడ మీద వరసగా ఏసీ పెట్టెలు కనిపించే కిటికీ. బల్ల మీద ఆమె కోడ్ కాగితాల మీద అచ్చువేసి ఉంది, ఆయనకొక ప్రతి, ఆమెకొక ప్రతి. స్క్రీను మీద చదవడం ఆయనకి నచ్చేది కాదు. పక్కన ఒక పెన్సిలు ఉంది. ఆమె ఊపిరి తీసుకోకుండా నాలుగు పేజీలు చెప్పేసింది. కార్డు డేటా తెచ్చి పెట్టడానికి డ్రైవర్ మెమరీలో కొంత చోటు ఇస్తుంది. ముప్పై సెకన్లు దాటినా జవాబు రాకపోతే, ఇక చాలు ఆగిపో అని కార్డుకి చెప్పి, ఆ చోటు వెనక్కి తీసుకుంటుంది. చెప్పడం అయిపోయింది. ఎలా ఉంది సార్ అని అడిగింది.

బొటనవేలు కదిలింది.

అంత నిశ్శబ్దంలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఏసీ పెట్టెలు లెక్కపెట్టింది. పదకొండు ఉన్నాయి. పెన్సిలు చూసింది. చేయడానికి ఇంకేమీ లేక తన కాగితాన్నే చూసింది. అప్పుడు కనిపించింది. ఆగిపొమ్మని కార్డుకి చెప్పింది గానీ, కార్డు ఆగానని అనేదాకా తాను ఆగలేదు. చోటు లాగేసుకుంది. హోటల్లో గది ఖాళీ చేయమని కబురు పంపి, లోపలి మనిషి బయటికి రాకముందే తాళంచెవి ఇంకొకరికి ఇచ్చినట్టు. ఆలస్యంగా వచ్చిన డేటా ఎవరి నెత్తిన పడుతుందో దేవుడికే తెలియాలి.

“సార్, ఒక్కసారి ఉండండి. ఇక్కడ నేను ఆగలేదు కదా.”

ఆయన బొటనవేలు తన దారిన తాను ముప్పై పూర్తిచేసింది.

“అవునమ్మా,” అన్నారు. “రాసుకుందాం.”

రివ్యూ ఫారంలో తప్పు పట్టినవారు అని ఒక గడి ఉంటుంది. అందులో ఆమె పేరు రాశారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తమ్ముడికి చెప్పింది. పెద్ద రివ్యూవరు ఎదురుగా ఉన్నాడు, ఆయనకి కనపడని తప్పు నేను పట్టాను అని. మరి ఆయన్ని ఎందుకు పెట్టుకున్నారక్కా అన్నాడు వాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే తరవాత చాలాకాలం ఆమెకి చెవులు వేడెక్కేవి.

కొన్నిసార్లు ముప్పై అయినా ఎదుటివాళ్ళకి ఏమీ కనపడేది కాదు. అప్పుడు ఆయన ఒక పేరా మీద వేలు పెట్టి, ఇక్కడ కేబుల్ ఊడితే ఏమవుతుంది అని మాత్రం అడిగి, మళ్ళీ మొదటి గీతకి వెళ్ళేవారు. ఒకతనికి తొమ్మిది ముప్పైలు పట్టాయి. పదోదాంట్లో పట్టుకున్నాడు. ఆ ఫారంలోనూ అతని పేరే ఉంది.

ఎందుకు సార్ ఈ ముప్పై అని ఆమె ఒకసారి అడిగింది. ముప్పై ఆగి చెప్పారు.

“అవతల నుంచి జవాబు రాకపోతే లేదని కాదమ్మా. దారిలో ఉండొచ్చు.”

డ్రైవర్ సంగతి చెబుతున్నారనే అనుకుంది.

ఆరేళ్ళలో ఆమె ఆయన ఎదుట ఎన్నిసార్లు కూర్చుందో లెక్కలేదు. బాగుంది అనే మాట మాత్రం ఒక్కసారీ వినలేదు. ఆయన నోట అది వినాలని ఆమెకి ఉండేది. రేపు అంటారు, ఎల్లుండి అంటారు అనుకుంటూ ఉండగానే ఆయన పదవీ విరమణ రోజు వచ్చేసింది.

క్యాంటీన్ బల్లలు గోడకి జరిపి, మైకు పెట్టారు. రెండు మాటలు మాట్లాడండి అన్నారు మేనేజరు. ముప్పయ్యగారు మైకు ముందుకొచ్చి నిలబడ్డారు. కుడిచెయ్యి జేబులో ఉంది. మైకులోంచి ఆయన ఊపిరి వినిపిస్తోంది. పది సెకన్లకి ముందు వరసలో ఒకాయన జేబురుమాలు తీశాడు. పదిహేనుకి ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. పాపం మాట రావడంలేదు అని ఎవరో గుసగుసలాడారు. ఇరవై రెండో సెకనుకి వెనక నుంచి ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. అంతే, గది మొత్తం అందుకుంది. అందరూ లేచి నిలబడ్డారు. పెదవి విప్పబోయిన ముప్పయ్యగారు ఆ హోరు చూసి, దండం పెట్టి, వచ్చి కూర్చున్నారు.

ఆ చప్పట్లు మొదలుపెట్టింది తొందర.

ఆయన వెళ్ళి రెండు నెలలైంది. ఆఫీసులో జవాబులు వెంటనే వస్తున్నాయి. అడగడం పూర్తికాకముందే వస్తున్నాయి. లిఫ్టు ఎవరి కోసమూ ఆగడంలేదు. రివ్యూలు స్క్రీన్ల మీదే నడుస్తున్నాయి. ఒకరు రాస్తారు, ఇంకొకరు బొటనవేలి బొమ్మ పెడతారు, అయిపోతుంది. ఆ బొమ్మని చూసినప్పుడల్లా ఆమెకి వేళ్ళ గీతల మీద మెల్లగా నడిచే ఇంకో బొటనవేలు గుర్తొచ్చేది.

మనుషుల కోసం బెంగపెట్టుకోవడం ఆమెకి తెలుసు. ఒక అరనిమిషం కోసం బెంగపెట్టుకోవడం కొత్తగా ఉంది. ఎవరూ మాట్లాడని ఆ కాస్త చోటులో తన రాత తనకి కొత్తగా కనిపించేది. ఇప్పుడు ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నా ఆ నిశ్శబ్దం కుదరడంలేదు. దానికి ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. గుండ్రటి బల్ల గదిలో ఆయన కుర్చీ అలాగే ఉంది. మధ్యాహ్నాలు ఆమె కాగితాలు పట్టుకెళ్ళి దాని ఎదుట కూర్చునేది. పదకొండు ఏసీ పెట్టెలు. ఖాళీ కుర్చీ లెక్కపెట్టదు. పదికే ఆమెకి విసుగొచ్చేది. అన్నిటికంటే ఎక్కువగా వేధించింది ఇంకొకటి. ఆరోజు ఇంకో ఎనిమిది సెకన్లు ఆగి ఉంటే ఆయన ఏం చెప్పేవారు?

ఒక సోమవారం మేనేజరు పిలిచారు. ఆయన గదిలో కుర్చీ వెనక గోడకి, అద్దం బిగించిన ఒక ప్రశంసాపత్రం ఉంటుంది. పద్నాలుగేళ్ళ కిందట, తాను రాసిన కోడ్‌లో ఘోరమైన తప్పుని విడుదలకి ముందు రోజు తానే పట్టుకున్నందుకు ఇచ్చారు. కేబుల్ ఊడి మళ్ళీ తగిలించాక, డిస్కు మీద రాయమని పంపగా దారిలో చిక్కుకున్న పాత రాత ఒకటి ఆలస్యంగా వెళ్ళి కొత్త రాత మీద పడేదట. జనం దాచుకున్నదంతా పాతదైపోయేది. ఆ తప్పు పట్టడంతోనే ఆయనకి పేరొచ్చింది, పేరుతో ఈ గది వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ కథ మొదటి వారంలోనే చెబుతారు. బాగానే చెబుతారు.

ఆయన చెప్పింది ఇది. కోడ్‌ని అర సెకనులో చూసేసే ఒక ప్రోగ్రాం కొంటున్నారు. ఇక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టే రివ్యూ అక్కర్లేదు. ముప్పయ్యగారి చోటులో ఎవరినీ పెట్టరు. శుక్రవారం ఆ కుర్చీ, బల్ల తీసేసి ఆ గదిలో సామాను పెడతారు. పైవాళ్ళకి చూపించడానికి ఒక లెక్క కావాలి. ఇన్నేళ్ళలో ఏ రివ్యూవరు ఎన్ని తప్పులు పట్టారు అని. నువ్వైతే తొందరగా చేస్తావు అన్నారు.

తొందరగానే చేసింది. మధ్యాహ్నానికల్లా కంప్యూటర్లో ఫారాలన్నీ వెతికించి లెక్క తీసింది. ఆమె పక్క సీటులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న అక్క, రివ్యూవరుగా రెండు వందల పన్నెండు పట్టింది. ఇంకొకాయన నూటనలభై. ముప్పయ్యగారి పేరు ఎదుట సున్నా.

మళ్ళీ వెతికించింది. మళ్ళీ సున్నా. పంతొమ్మిదేళ్ళు, నాలుగు వేల చిల్లర రివ్యూలు, తప్పు పట్టినవారు అనే గడిలో ఒక్కచోట కూడా ఆయన పేరు లేదు. మేనేజరుకి చూపిస్తే ఆశ్చర్యపోలేదు. నేను అనుకుంటూనే ఉన్నాను, మంచి మనిషే, కానీ ఊరికే కూర్చునేవాడు, శుక్రవారం మనుషుల్ని పిలిపిస్తాను, అన్నారు.

ఆమె సీటుకొచ్చి కూర్చుంది. ఆయన ఏమీ పట్టలేదంటే ఆమెకి మనసొప్పడంలేదు. కాదనడానికి చేతిలో ఏమీ లేదు. తన మొదటి తప్పు తానే పట్టింది. రెండోదీ తానే. అక్కని అడిగింది. ముప్పయ్యగారితో రివ్యూలో నీ తప్పులు ఎవరు పట్టేవారక్కా అని. ఇంకెవరు, నేనే, అంది అక్క గర్వంగా. ఆయనకి తెలిసేలోపే చెప్పేసేదాన్ని. మెషీన్ల గదికి వెళ్ళి కేబులాయన్ని అడిగింది. ఆయనా పరీక్షల కోసం చిన్న చిన్న ప్రోగ్రాంలు రాస్తాడు.

“నావి నేనే పట్టుకునేవాణ్ణి. ఆయన చూసేవాడే కాదు.”

“మరి ఆయన ఏం చేసేవారు?”

“ఏం చేస్తాడు, ఊరికే కూర్చునేవాడు.”

“ఎక్కడ?”

“నా ఎదురుగా,” అన్నాడు కేబులాయన. చేతిలో పీకిన కేబుల్‌తో ఒక క్షణం అలాగే నిలబడ్డాడు. “ఇప్పుడు నాది ఎవరూ చూడకపోతే నాకేమీ దొరకడంలేదు. ఎందుకంటావు?”

సాయంత్రానికి పద్దెనిమిది మందిని అడిగింది. పద్దెనిమిది మందీ తమ తప్పులు తామే పట్టుకున్నారు. అందరూ ఆ కుర్చీకి ఎదురుగానే పట్టుకున్నారు. ఒక్కరు కూడా ఇంటిదగ్గర పట్టుకోలేదు.

గుండ్రటి బల్ల గదిలో గోడవారగా ఆయన వాడిన సొరుగుల పెట్టె ఉంది. కింది సొరుగు బిగుసుకుపోయి రాలేదు. తొందర లాగింది, అక్క లాగింది. చివరికి కేబులాయన వచ్చి, పక్కకి జరగండి, ఇది నా ఉద్యోగం, అని ఒక్క గుంజు గుంజాడు. సొరుగు ఊడి ఒళ్ళో పడింది. నిండా కాగితాలు. రివ్యూలకి ఆయన అచ్చువేసుకున్న కోడ్. ఏడాదికో కట్ట, కట్టకో దారం. ఒక్కో కాగితం మూల తేదీ వేసి ఉంది.

ఆమె తన మొదటి కాగితం వెతికి తీసింది. నాలుగో పేజీలో, మెమరీ చోటు వెనక్కి లాగేసుకున్న వరస పక్కన, అంచులో, పెన్సిలుతో ఒక చుక్క ఉంది. ఆవగింజంత. మాట లేదు, గీత లేదు. పైన మూల తేదీ చూసింది. అది ఆమె ఆయన ఎదుట కూర్చున్న రోజుకి ముందు రోజు.

అక్క తనది తీసింది. చుక్క. ముందు రోజు తేదీ. కేబులాయన తనది తీశాడు. ఆయన కాగితం నిండా పొడిచినట్టు చుక్కలున్నాయి. తొమ్మిది ముప్పైలు పట్టినతని కాగితం మీద కూడా చుక్క ఒక్కటే. దాని చుట్టూ పెన్సిలు మొన ఆగి ఆగి కొంచెం నల్లబడింది. ముప్పయ్యగారు వెళ్ళాక ఆ గదిలో మొదటిసారి అరనిమిషం నిశ్శబ్దం నిలిచింది.

“దొంగ మనిషి,” అంది అక్క చివరికి. ముక్కు తుడుచుకుంది.

పద్నాలుగేళ్ళ కిందటి కట్టలో మేనేజరుగారి కాగితం ఉంది. పాత రాత కొత్త రాత మీద పడే చోట చుక్క ఉంది. ఇక్కడా తేదీ రివ్యూకి ముందు రోజుదే. అది చూసి కేబులాయన ఈల వేశాడు. పద, ఇప్పుడే పోయి ఆ అద్దం పక్కన దీన్ని అంటిద్దాం అన్నాడు. ఆమెకీ అదే అనిపించింది. కాగితం తీసుకుని విసవిసా నడిచింది. లిఫ్టు తలుపు తెరిచి ఉంది. ఎక్కింది. బటన్ మీదకి వెళ్ళిన చెయ్యి ఎందుకో ఆగింది. బొటనవేలు చూపుడువేలి మొదటి గీత వెతుక్కుంది. ఎవరూ రాలేదు. ముప్పై అయ్యేసరికి ఆమె లిఫ్టు దిగి వెనక్కి వెళ్ళి, ఆ ఒక్క కాగితాన్ని ఇంకో నలభై కాగితాల మధ్యలో పెట్టి, దారం కట్టింది.

గురువారం మధ్యాహ్నం మేనేజరు గదిలో కూర్చుని, కట్ట బల్ల మీద పెట్టింది. ఇవి ముప్పయ్యగారి కాగితాలు సార్, పక్కన చుక్కలున్నాయి, పైన తేదీలున్నాయి, ఒకసారి చూడండి, అంది. అంతే చెప్పింది. చెయ్యి బల్ల కిందికి వెళ్ళింది.

మొదటి చుట్టంతా ఆయనే మాట్లాడారు. పాత కాగితాలు ఇప్పుడెందుకు, ప్రోగ్రాం వచ్చేస్తోంది, లెక్క నువ్వే తెచ్చావు కదా అన్నారు. ఆమె జవాబు చెప్పలేదు. జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ ఊరుకోలేదు. జవాబు రాకపోయేసరికి ఆయన కాగితాలు తిరగేశారు. ఒకటి చూశారు, రెండు చూశారు. కంప్యూటర్లో ఫారాల తేదీలతో పోల్చి చూశారు. తిరగేయడం నెమ్మదించింది. రెండో చుట్టు ముగిసింది. ఇరవై ఆరు దగ్గర ఆయన చెయ్యి ఒక కాగితం మీద ఆగిపోయింది. తాను రాసిన కోడ్‌ని తాను పోల్చుకోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? ఆయన వెనక్కి తిరిగి గోడ వైపు చూడలేదు. మెడ మాత్రం అటు తిరగబోయి ఆగింది.

ముప్పై అయింది. ఆమె మాట్లాడలేదు. ఇంకో ముప్పై మొదలుపెట్టింది.

“ఆ రోజు,” అన్నారు మేనేజరు, “నేను చెప్పాక ఆయన, బాగా పట్టారు బాబూ, అన్నాడు. నాకిప్పటికీ గుర్తు. పైవాళ్ళ దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్ళి నేనే పట్టానని చెప్పాను.” కాగితం మూల సరిచేసి, కట్టలో దాని చోటులో దాన్ని పెట్టేశారు. “చూడూ. ఆ కుర్చీ తీసేయాలన్న నిర్ణయంలో ఒక తప్పుంది. ఇప్పుడే కనిపించింది. నువ్వు చెప్పకముందే నాకు కనిపించింది. అవునా కాదా?”

“అవును సార్.”

“మరి రాసుకో.”

ఆమె ఫారం తీసి, నిర్ణయంలో తప్పు: కుర్చీ తీసేయడం, అని రాసింది. తప్పు పట్టినవారు అన్న గడిలో మేనేజరుగారి పేరు రాసింది. ఆయన అది చదువుకుని తృప్తిగా తలాడించారు. ప్రోగ్రాం కూడా ఉంటుంది, దాని పని అది చేస్తుంది, కానీ ఎదురుగా ఒక మనిషి ఉండాలి, రేపటినుంచి నువ్వు కూర్చో, అన్నారు. ఆమె తలుపు దాకా వెళ్ళాక, కొత్తవాళ్ళకి ఈ కథ కూడా చెప్పాలి అని తనలో తాను అనుకోవడం వినిపించింది.

శుక్రవారం మనుషులొచ్చారు. బల్ల తీయడానికి కాదు. కింది సొరుగు బాగుచేయడానికి. ఆమె ఆయన కుర్చీలో కూర్చుని చూసింది. ఇటు నుంచి చూస్తే ఏసీ పెట్టెలు కనపడవు. తలుపూ, ఎదుటి కుర్చీ, అందులో కూర్చునే మనిషి ముఖం మాత్రమే కనిపిస్తాయి.

ముప్పయ్యగారింటికి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది. నేను పిన్నిగారూ అనగానే, ఏం తొందరా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా, ఉండు ఇస్తాను, అని, ఆలస్యమైతే ఈ అమ్మాయి పెట్టేస్తుందన్నట్టు ఫోన్ ఆయన చెవికి ఆనించింది. తొందర జరిగిందంతా చెప్పింది. సున్నా సంగతి, చుక్కల సంగతి, కుర్చీ సంగతి. చెప్పి ఆగింది. ముప్పై అయ్యాక ఆయన గొంతు వినిపించింది.

“ఆ సొరుగు ఎలా తీశారమ్మా? నాకు ఐదేళ్ళుగా పూర్తిగా రావడంలేదు. కాగితాలు సందులోంచి తోసేవాణ్ణి.”

“కేబులాయన పీకాడు సార్.”

అరనిమిషం.

“వాడికి మంచి చెయ్యి ఉంది,” అన్నారు.

రెండు నెలలుగా గొంతులో ఉన్నది ఇక ఆపుకోలేకపోయింది. “సార్, ఆరోజు మైకు ముందు మీరేదో చెప్పబోయారు. చప్పట్లు మొదలుపెట్టింది నేనే. తొందరపడ్డాను. ఏం చెప్పబోయారు సార్?”

అవతల నిశ్శబ్దం. ఆమె బొటనవేలు కూడా ఇక్కడ మొదలైంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు, చిటికెనవేలు. మళ్ళీ. మూడో చుట్టులో రెండు వేళ్ళు దాటింది. ముప్పై. మాట రాలేదు. ముప్పై ఒకటి. అలా ఎప్పుడూ జరగలేదు. ముప్పై ఐదు, నలభై. లైను తెగిందేమో అని ఫోన్ చెవికి ఇంకా నొక్కుకుంది. ఎక్కడో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది. తెగలేదు.

తరవాత ఆయన భార్య గొంతు, మెల్లగా.

“అమ్మాయ్, ఉన్నావా?”

“ఉన్నాను పిన్నిగారూ. ఏమైంది?”

“ఏమీ కాలేదు. కళ్ళజోడు తుడుచుకోవడానికి ఆ చెయ్యి కావాల్సొచ్చింది. లెక్క తప్పారు. మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టారు. నీకు పనుంటుందేమో, పెట్టేయరాదూ? చెప్పినప్పుడు నేనే కబురు చేస్తాను.”

తలుపు దగ్గర కేబులాయన కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, రివ్యూకి. ఆమె అతనికి ఎదుటి కుర్చీ చూపించింది. తానూ బొటనవేలిని చూపుడువేలి మొదటి గీత మీద పెట్టుకుంది.

“వద్దు పిన్నిగారూ,” అంది. “దారిలో ఉంది. ఆగుతాను.”